రెండు విజిళ్ళు

క్రితం వారం మా తమ్ముణ్ణి చర్చి వ్యాను కింద వదిలేసి కథ ఆపాను. కంగారు పడకండి, వ్యాను కదల్లేదు, వాడికేమీ కాలేదు. వాడంతట వాడే దూరాడు. ఆదివారం పూట, నేను ఇస్త్రీ చేసి ఇచ్చిన తెల్లచొక్కాతో, తల నెరుస్తున్న మనిషి, ఆయిల్ కారుతోందేమో చూస్తానని వంక పెట్టి వ్యాను కిందికి పాక్కుంటూ వెళ్ళాడు. ఎందుకంటే అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక చేతికర్ర దిగింది, దాని వెనక డ్రిల్లు టీచరమ్మ దిగింది.

ఆవిడ సంగతి మరిచిపోయినవాళ్ళకి మళ్ళీ చెబుతాను. మా తమ్ముడు ఒకప్పుడు బస్సు డ్రైవరు. డిపోలో వాణ్ణి అందరూ 'స్టీరింగు' అనేవారు, అంత పేరు. ఒక సాయంత్రం తాగి బస్సెక్కాడు. కొండ మలుపు దగ్గర బస్సు బోల్తా పడింది. ప్రాణాలు పోలేదు గానీ ముందు సీట్లో ఉన్న డ్రిల్లు టీచరమ్మకి ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. పిల్లలచేత పరుగులు పెట్టించే మనిషికి కాలు పోయింది. వీడు జైలుకి వెళ్ళాడు. శిక్ష అంతా అనుభవించి వచ్చాడు. ఆ తర్వాత చుక్క ముట్టలేదు. ఇప్పుడు అదే డిపోలో బస్సులు కడుగుతాడు. కడగడమే, డ్రైవరు సీట్లో మాత్రం కూర్చోడు. ఆ సీటు తుడవాల్సివస్తే కిటికీలోంచి చెయ్యి పెట్టి తుడుస్తాడు.

వాడికి ఒక కూతురు. తల్లి లేని పిల్ల. చిన్నప్పుడు ఇంట్లో నాన్న కుర్చీలో కూర్చుంటే వెనక నిలబడి కండక్టరులా గోడ మీద తట్టి "రైట్ రైట్" అని కేకలేసేది. పెద్దదై, జైలుకి ఒక్కసారంటే ఒక్కసారి వచ్చింది. "నాకు నాన్న లేడు. నువ్వు నడిపే బండి జన్మలో ఎక్కను" అని మొహం మీదే చెప్పి అమ్మమ్మగారింటికి వెళ్ళిపోయింది. దాని పెళ్ళయిందని కూడా మాకు బయటివాళ్ళు చెబితే తెలిసింది.

ఇక ఆ ఆదివారం సంగతి. నది ఒడ్డున బాప్తిస్మాలున్నాయి. తెల్ల అంగీల్లో కుర్రవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ వ్యానెక్కి సిద్ధంగా ఉన్నారు. వ్యాను డ్రైవరేమో స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడని కబురొచ్చింది. పాస్టరుగారు నా తమ్ముడి వైపు చూశారు. వాడు నేల వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే ఆటో వచ్చింది.

టీచరమ్మ ఎవర్నీ పలకరించలేదు. తిన్నగా వ్యాను దగ్గరికి వచ్చి, బయటికి కనిపిస్తున్న వాడి చెప్పుల్ని కర్రతో తట్టింది.

"బయటికి రా."

చెప్పులు లోపలికి ముడుచుకున్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు చిన్నప్పుడు కూడా అంతే, అద్దం పగలగొట్టి మంచం కింద దూరేవాడు.

"ఒరేయ్, రారా బయటికి!" అన్నాను. "ఇంత బతుకూ బతికి ఈ దాక్కోవడమేంట్రా?"

"అక్కా, ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళు. నేను తర్వాత వస్తాను."

"నేను లోపలికి వెళ్ళను," అంది టీచరమ్మ. "ఇక్కడే నిలబడతాను. నాకున్నది ఒక్కటే కాలు, అది నొప్పి పుట్టేదాకా నిలబెడతావో లేదో నీ ఇష్టం."

ఆ మాటతో వాడు బయటికి వచ్చాడు. చొక్కా మీద నల్లటి మరక. చేతులు కట్టుకుని, తల వంచుకుని, స్కూల్లో తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. ఆవిడ మెడలో ఇప్పటికీ విజిల్ వేలాడుతోంది. చెక్కకాలుతోనే డ్రిల్లు చేయిస్తోందట, విన్నాను.

"నా మొహం చూడు."

"చూడలేనమ్మా."

"ఎందుకు చూడలేవు? నా మొహానికేం కాలేదుగా. పోయింది కాలు. కావాలంటే దాన్నే చూడు." చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తి చూపించింది. "చూశావా? అయిపోయింది. ఇక మొహం చూడు."

వాడు చూశాడు. ఏదో అనబోయాడు, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"క్షమించమని మళ్ళీ అడగొద్దు. కోర్టులో అడిగావు. జైలునించి మనుషులచేత అడిగించావు. నేను క్షమించానని కబురు పెట్టాను కూడా. అందిందా లేదా?"

"అందిందమ్మా."

"అందితే ఇన్నేళ్ళూ ఏం చేశావు దాన్ని?"

వాడు చొక్కా మీది మరక రుద్దుకోవడం మొదలెట్టాడు. నేను చెప్పేశాను, నా నోరు ఊరుకోదు కదా. "ఏం చేస్తాడు టీచరుగారూ, కడిగిన బస్సునే కడుగుతాడు. బాప్తిస్మమని ప్రతిసారీ గట్టుదాకా వస్తాడు. 'నా మడ్డి నీళ్ళకి పోయేది కాదక్కా' అని వెనక్కి తిరుగుతాడు. వాడికోసం తెచ్చిన తువ్వాలు ప్రతిసారీ పొడిగానే ఇంటికొస్తుంది."

తువ్వాలంటే మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. నీళ్ళలోంచి లేచి వచ్చేవాళ్ళకోసం గట్టు మీద ఒకళ్ళు తువ్వాలు పట్టుకుని నిలబడాలి. పాస్టరుగారు "ఎవరు మీరు? ఈ మనిషికి ఏమవుతారు?" అని అడుగుతారు. అందరికీ వినపడేలా జవాబు చెప్పి అప్పుడు కప్పాలి. ఎవరూ ఒంటరిగా గట్టెక్కకూడదని మా పాస్టరుగారి పట్టుదల. నా చేతిసంచీలో వాడి తువ్వాలు, వాడి డ్రైవింగు లైసెన్సు ఎప్పుడూ ఉంటాయి. ఆ లైసెన్సు మళ్ళీ తెప్పించడానికి నేనే ఆఫీసుల చుట్టూ తిరిగాను. వాడు దాని మొహం కూడా చూడలేదు.

టీచరమ్మ నా మాట విని వాడి దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"చూడు నాయనా. నువ్వు తప్పు చెయ్యలేదని చెప్పడానికి నేను ఇంత దూరం రాలేదు. చేశావు. తాగావు, బస్సెక్కావు, నా కాలు తీశావు. చిన్న తప్పు కాదది. నేను ఆసుపత్రిలో గోడకేసి తల బాదుకున్న రోజులున్నాయి. నీ పేరెత్తి తిట్టిన రోజులున్నాయి. ఒకరోజు ప్రార్థన చేసుకుంటూ కూడా నిన్ను తిడుతున్నానని నాకే తెలిసి నవ్వొచ్చింది. అప్పుడు వదిలేశాను. నన్ను వదిలించినవాడు యేసయ్య. మరి నిన్ను వదిలించలేదా?"

"నాకు... సిగ్గమ్మా," అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది. "శిక్ష అయిపోయింది. సిగ్గు అవడం లేదు. పొద్దున్నే అద్దంలో చూసుకోవాలన్నా సిగ్గే."

"సిలువ మీద ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి, బట్టలు లాగి, ఎగతాళి చేశారు. ఎందుకనుకున్నావు? మన తప్పుని మోసి ఊరుకున్నాడా? సిగ్గుని కూడా మోశాడు. మోసి పారేశాడు. ఆయన పారేసినదాన్ని నువ్వు వెతుక్కుని తెచ్చుకుని మళ్ళీ నెత్తిన పెట్టుకుంటున్నావు. అది వినయం కాదయ్యా. ఆయన పని సరిపోలేదని చెప్పడం."

ఇన్నేళ్ళుగా నేను తిట్టి, బతిమాలి, ఏడ్చి చెప్పలేని మాట ఆవిడ నిలబడి చెప్పేసింది. వాడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, మొహానికి కూడా ఆయిల్ అంటుకుంది.

"ఇప్పుడు బండెక్కు," అంది టీచరమ్మ. "నదికి పోవాలి. ముందు సీటు నాది."

ఇంతలో మా సంఘ పెద్దగారు కల్పించుకున్నారు. ఈయన ప్రతి పెళ్ళిలోనూ అన్నం పలుకైందనే రకం. "పాస్టరుగారూ, ఇది బాగోదు. వ్యాను నిండా మనుషులున్నారు. ఒకసారి బోల్తా కొట్టినవాడి చేతికి..."

"బోల్తా పడిన బస్సులో మీరున్నారా?" అంది టీచరమ్మ.

"లేనమ్మా, కానీ..."

"నేనున్నాను. నేను ముందు కూర్చుంటున్నాను. మీకు భయమైతే నడిచి రండి, ఆరోగ్యానికి మంచిది."

వ్యాన్లోంచి కిసుక్కున నవ్వులు. కిటికీ పక్కన కూర్చున్న చెవిటి మామ్మ "ఏమంటోంది? ఏమంటోంది?" అని అందర్నీ గోకింది. పెద్దగారు గొణుక్కుంటూనే ఎక్కారు. పాస్టరుగారు వ్యాను దగ్గరికి వచ్చారు. తాళాలు తీసి మా తమ్ముడి ముందు చెయ్యి చాపారు. నేను సంచీలోంచి లైసెన్సు తీసి ఆ తాళాల పక్కన పెట్టాను.

వాడు రెండూ తీసుకున్నాడు.

వెంటనే ఎక్కాడనుకున్నారా? లేదు. పనిముట్ల డబ్బాలోంచి స్పానరు తీసుకుని వ్యాను చుట్టూ తిరిగాడు. ఒక్కో టైరునీ కొట్టి, తల వంచి చప్పుడు విన్నాడు. వెనక టైరు దగ్గర మళ్ళీ కొట్టి విన్నాడు. డ్రైవరుగా ఉన్నప్పుడు అది వాడి అలవాటు, చప్పుడుని బట్టి గాలెంతుందో చెప్పేవాడు. బస్సు బోల్తా పడిన ఆ సాయంత్రం మాత్రం కొట్టలేదు. తాగడం తర్వాత వాడు ఎక్కువగా తలుచుకుని కుమిలిపోయేది ఆ విషయమే. తర్వాత తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి ఆగాడు. రెండో కాలు కూడా పెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత మా తమ్ముడు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

ఇంజను స్టార్టయింది. గేరు వేశాడు. చేతులు స్టీరింగు మీద పెట్టి, అద్దంలో చూస్తూ, అలాగే ఉండిపోయాడు.

కదలడు. పలకడు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "నే చెప్పలా?" అన్నారు పెద్దగారు. అయిపోయింది, బిగుసుకుపోయాడు, ఇంక జన్మలో కదలడు అనుకున్నాను. "ఒరేయ్, తమ్ముడూ" అని వెనక నించి మెల్లగా పిలిచాను. ఉలకలేదు.

టీచరమ్మ వాడి వైపు చూసింది. వాడు చూస్తున్న అద్దం వైపు చూసింది. తర్వాత నవ్వింది. మెడలోని విజిల్ తీసి నోట్లో పెట్టుకుని గట్టిగా రెండుసార్లు ఊదింది.

"రైట్! రైట్!"

వ్యాను మెత్తగా కదిలింది.

ఓరి దేవుడా! కండక్టరు విజిల్ కోసం కాచుకున్నాడు! బస్సులో రెండు విజిళ్ళు పడందే డ్రైవరు బండి కదపడు. ఇన్నేళ్ళు స్టీరింగు ముట్టకపోయినా వాడి చేతులు ఆ పద్ధతిని మరిచిపోలేదు. ముందు ఒక కుర్రాడు నవ్వాడు, తర్వాత వ్యానంతా నవ్వింది, చివరికి వాడు కూడా నవ్వాడు. అద్దంలో వాడి పళ్ళు కనిపించాయి. మా తమ్ముడికి నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తుంది, ఆ సంగతే మరిచిపోయాను నేను. నవ్వుతూనే ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం.

నదికి వెళ్ళే దారి తిన్ననిది. ఇటుక బట్టీలు, కూరగాయల మళ్ళు దాటి పోతుంది. కొండ అటు పక్క ఉంటుంది, మలుపు మాకు తగల్లేదు. కుర్రవాళ్ళు పాట ఎత్తుకున్నారు. టీచరమ్మ మాత్రం మాటిమాటికీ ఫోను చూసుకుంటోంది, వెనక్కి తిరిగి రోడ్డు చూస్తోంది. "ఎవరైనా రావాలా టీచరుగారూ?" అంటే, "వస్తే చెబుతాను" అంది. గట్టు దగ్గర వ్యాను ఆగాక చెవిటి మామ్మని తట్టి లేపాల్సి వచ్చింది. దారంతా నిద్రపోయిందట. ఒక డ్రైవరుకి అంతకన్నా మెప్పు ఇంకేం కావాలి?

తెల్ల అంగీలవాళ్ళు ఒక్కొక్కళ్ళే నీళ్ళలోకి దిగారు. "నేను తల్లిని", "నేను స్నేహితుణ్ణి", "నేను పక్కింటావిణ్ణి" అంటూ గట్టు మీద తువ్వాళ్ళు విచ్చుకున్నాయి. అందరిదీ అయింది. పాస్టరుగారు నడుం లోతు నీళ్ళలోంచి గట్టు వైపు చూశారు, ఎప్పటిలా. నేనూ సంచీలో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను, ఎప్పటిలా.

వాడు వ్యాను తాళాలు టీచరమ్మ చేతిలో పెట్టాడు. చెప్పులు విడిచాడు. అంగీ లేదు, ఆ మరకల చొక్కాతోనే నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ లోతులో ఆగి మా వైపు తిరిగాడు.

"అందరికీ తెలిసిందే, అయినా నా నోటితో చెబుతాను," అన్నాడు. "తాగి బస్సు నడిపాను. ఈ తల్లి కాలు తీశాను. నా కూతురి మొహాన మచ్చ పెట్టాను. ఇన్నాళ్ళూ శుభ్రమయ్యాక దేవుడి దగ్గరికి వెళ్దామనుకున్నాను. కడిగేది ఆయనేనని ఇవాళ తెలిసింది. ఇంక దాక్కోను. ఎవరేమడిగినా తలెత్తి చెబుతాను. నేను తప్పు చేసినవాణ్ణి, క్షమాపణ పొందినవాణ్ణి."

పెద్దగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం నేను చూశాను. మాట వరసకి కూడా ఎవరికీ చెప్పనులెండి.

"పాతవాణ్ణి ఇక్కడే వదిలేసి రా బ్రదర్" అని పాస్టరుగారు వాణ్ణి పట్టుకుని నీళ్ళలో ముంచారు. ఒక్క క్షణం నది మీద వాడి ఆనవాలు లేదు. తర్వాత లేచాడు. ఎలా లేచాడని! నీళ్ళు చిమ్ముతూ, గుండె నిండా ఊపిరి పీలుస్తూ, రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం!" అని అరిచాడు. గట్టంతా అరిచింది. నేను అరిచిన అరుపుకి పక్కనున్న కుర్రవాడు చెవులు మూసుకున్నాడు.

"తువ్వాలు పట్టింది ఎవరు? ఈ మనిషికి ఏమవుతారు?" అడిగారు పాస్టరుగారు.

ఈ జవాబు నేను ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో దేవుడికే తెలుసు. తువ్వాలు విప్పి నోరు తెరిచాను. వెనకనించి ఒక చెయ్యి వచ్చి తువ్వాలు అంచు పట్టుకుంది.

"అత్తా, అది నాకివ్వు."

తిరిగి చూశాను. ముందు నిండుకడుపు కనిపించింది, తర్వాత మొహం. నా మేనకోడలు! రోడ్డు మీద ఒక ఆటో అప్పుడే వెనక్కి తిరిగి పోతోంది. 'ఇన్నేళ్ళూ ఎక్కడున్నావే రాక్షసీ' అని తిడదామని నోటిదాకా వచ్చింది. దాని కళ్ళు చూసి మింగేశాను. టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "నా దగ్గరికి వచ్చి నాన్న తరఫున క్షమాపణ అడిగింది. ముందు ఆయన్నే కలవమని, ఇవాళ నది దగ్గరికి రమ్మన్నాను. వస్తుందో రాదో తెలీక మీకు చెప్పలేదు," అంది.

తువ్వాలు ఇచ్చేశాను.

మా తమ్ముడి కళ్ళ నిండా నీళ్ళు, తువ్వాలు ఎవరు పట్టుకున్నారో వాడికి తెలీదు. తడుముకుంటూ వస్తున్నాడు. పాస్టరుగారు మళ్ళీ అడిగారు. నాకు నాన్న లేడని చెప్పిన నోరు అది.

"కూతుర్ని," అంది.

"ఏమంది? వినపడలా!" అంది చెవిటి మామ్మ.

"కూతుర్ని!" అని అరిచింది నా మేనకోడలు. "నేను ఈయన కూతుర్ని! ఈయన మా నాన్న!"

వాడు నీళ్ళలోనే ఆగిపోయాడు. రెండు చేతులతో మొహం తుడుచుకుని చూశాడు. వాడు గట్టెక్కేదాకా ఆగలేదది, నిండుకడుపుతోనే నీళ్ళలోకి దిగి వాణ్ణి తువ్వాలుతో సహా వాటేసుకుంది. ఆ తర్వాత ఎవరు పాడారో, ఎవరు ఏడ్చారో నాకు తెలీదు. నేను మాత్రం రెండూ చేశాను.

పాట మధ్యలో చూశాను, దాని చెయ్యి వాడి తడిచొక్కాని గట్టిగా పట్టుకుంది. మొహం పాలిపోయింది.

"నాన్నా," అంది పళ్ళు బిగబట్టి. "బండి తియ్యి. నొప్పులొస్తున్నాయి."

వాడు గట్టు మీదికి ఎలా వచ్చాడో, టీచరమ్మ చేతిలోంచి తాళాలు ఎలా తీసుకున్నాడో! దాన్ని నేనూ టీచరమ్మా చెరో పక్కా పట్టుకుని వెనక సీట్లో పడుకోబెట్టాం. పాస్టరుగారు ముందు ఎక్కారు. వాడు బట్టలు కారుతుండగానే స్పానరుతో వ్యాను చుట్టూ పరిగెత్తాడు. అంత హడావిడిలోనూ టైర్లన్నీ కొట్టి, విని, అప్పుడు ఎక్కాడు. గేరు వేశాడు. అద్దంలో చూస్తూ ఆగాడు.

"ఊళ్ళోకి వెనక్కి పోతే చాలా దూరం," అన్నారు పాస్టరుగారు మెల్లగా. "దగ్గరి ఆసుపత్రి కొండ అవతల ఉంది, బ్రదర్. ఆ మలుపు మీదుగానే పోవాలి."

స్టీరింగు మీద వాడి వేళ్ళు బిగుసుకోవడం నాకు కనిపించింది. టీచరమ్మ చెయ్యి విజిల్ మీదికి వెళ్ళింది. అది నోటిదాకా రాకముందే, నా ఒళ్ళో తల పెట్టుకున్న నా మేనకోడలు చెయ్యెత్తి వ్యాను గోడ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది, చిన్నప్పుడు కుర్చీ వెనక నిలబడి కొట్టినట్టే.

"రైట్ రైట్, నాన్నా!"

వాడు వ్యానుని కొండ వైపు తిప్పాడు.